నల్లరేగడి లెక్కలు: శాస్త్రీయ రూపంలో సంఖ్యల గుణకారం

ఒక సంఖ్యను రెండు భాగాల లబ్ధంగా రాయడాన్ని శాస్త్రీయ రూపం అంటారు. మొదటి భాగం 1కి తగ్గకుండా, 10కి చేరకుండా ఉండే గుణకం. రెండోది 10కి ఒక ఘాతం. బడి పుస్తకాల్లో దీనికి ప్రామాణిక రూపం అనే పేరు ఉంది. ఈ పద్ధతిలో 45,00,000 అనేది 4.5 × 10⁶ అవుతుంది, 0.00226 అనేది 2.26 × 10⁻³ అవుతుంది. ఇలా రాసిన రెండు సంఖ్యలను గుణించాలంటే గుణకాలను గుణించాలి, ఘాతాంకాలను కూడాలి. వచ్చిన గుణకం 10కి చేరినా, దాటినా దశాంశ బిందువును ఒక స్థానం ఎడమకు జరిపి, ఘాతాంకానికి 1 కలపాలి. పద్ధతి అంతా ఇంతే.

ఇది ప్రయోగశాలలకూ ఖగోళ శాస్త్రానికీ పరిమితమైన విద్య అని చాలామంది అనుకుంటారు. గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లో పత్తి, మిరప పండించే రైతుకు మాత్రం ఈ రాత రోజూ ఎదురవుతూనే ఉంటుంది. జీవ శిలీంధ్రనాశిని ప్యాకెట్ మీద 2 × 10⁶ అని అచ్చు వేసి ఉంటుంది. కాలువలో నీటిని టీఎంసీల్లో చెబుతారు. మిరప ఘాటునూ దూది పోగు సన్నదనాన్నీ కొలిచే ప్రమాణాల వెనుక కూడా ఈ గుణకారమే ఉంది.

ఘాతాంకాలను ఎందుకు కూడాలి?

10³ అంటే మూడు పదుల లబ్ధం, 10⁴ అంటే నాలుగు పదుల లబ్ధం. రెండింటినీ గుణిస్తే మొత్తం ఏడు పదులు వరుసగా గుణించినట్టు. కాబట్టి ఫలితం 10⁷. వెయ్యి పదివేలు కోటి అని పెద్దలు నోటితో చెప్పే లెక్క ఇదే. లక్ష 10⁵, కోటి 10⁷, లక్ష కోట్లు 10¹². లక్షను లక్షతో గుణిస్తే 10¹⁰, అంటే వెయ్యి కోట్లు. స్థానాల పేర్లు గుర్తున్నవారికి ఘాతాంకాలు కొత్తగా నేర్చుకోవలసినవి కావు.

రుణ ఘాతాంకాలకూ ఇదే నియమం వర్తిస్తుంది. 10⁻³ అంటే వెయ్యో వంతు. 10⁵ను 10⁻³తో గుణిస్తే 5, −3ల మొత్తం 2 కనుక ఫలితం 10². లక్షలో వెయ్యో వంతు వంద అని అర్థం.

గుంటూరు మిర్చి యార్డులో ఒక ఉదాహరణ చూడవచ్చు. ఎండుమిర్చి బస్తాను అక్కడ టిక్కీ అంటారు. సీజన్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో యార్డుకు లక్షకు పైగా టిక్కీలు వస్తాయి. టిక్కీ బరువు సుమారు 45 కిలోలు, సరుకు లక్ష టిక్కీలు అనుకుంటే మొత్తం బరువు (1 × 10⁵) × (4.5 × 10¹) = 4.5 × 10⁶ కిలోలు, అంటే 4,500 టన్నులు. ధర క్వింటాలు 15,000 రూపాయలు అనుకుంటే కిలో 1.5 × 10² రూపాయలు పడుతుంది. అప్పుడు సరుకు విలువ (4.5 × 10⁶) × (1.5 × 10²) = 6.75 × 10⁸ రూపాయలు, అంటే 67 కోట్ల 50 లక్షలు. సున్నాలు లెక్కపెట్టవలసిన పని ఎక్కడా పడలేదు.

కాలువ నీటి లెక్క

పల్నాడు నుంచి ఒంగోలు దాకా మిరప, పత్తి సాగుకు నాగార్జునసాగర్ కుడి కాలువ పెద్ద ఆధారం. జవహర్ కాలువ అని పేరుపెట్టిన ఈ ప్రధాన కాలువ పొడవు 203 కిలోమీటర్లు. దాని ప్రవాహ సామర్థ్యం సుమారు 11,000 క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు, అంటే 10⁹. వార్తల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే వస్తాయి. ఒకటి ప్రవాహ రేటును చెబుతుంది, రెండోది నీటి పరిమాణాన్ని చెబుతుంది. వాటి మధ్య వంతెన వేసేది కాలం.

రోజుకు 86,400 సెకన్లు, అంటే 8.64 × 10⁴. కుడి కాలువ నిండుగా ఒక రోజు పారితే (1.1 × 10⁴) × (8.64 × 10⁴) = 9.504 × 10⁸ ఘనపుటడుగులు వస్తాయి. ఇది 10⁹కి కొంచెం తక్కువ, అంటే 0.95 టీఎంసీ. ఇదే ప్రవాహం 120 రోజులు తగ్గకుండా సాగితే (9.504 × 10⁸) × (1.2 × 10²) = 11.4 × 10¹⁰ అవుతుంది. గుణకం 10 దాటింది కాబట్టి దీన్ని 1.14 × 10¹¹గా సరిచేయాలి. అంటే 114 టీఎంసీలు. కుడి కాలువ వాటాగా కేటాయించినవి 132 టీఎంసీలు. నాలుగు నెలలు కాలువ నిండుగా పారినా ఆ వాటా పూర్తి కాదని ఈ రెండు మెట్ల గుణకారం తేల్చి చెబుతుంది. చివరి భూములకు నీరు అందలేదని ఆందోళన మొదలైనప్పుడు, గేట్లు ఎన్ని రోజులు తెరిచారో అడిగే రైతు చేతిలో ఈ లెక్క ఉండాలి.

వానకూ ఇదే పద్ధతి. ఎకరం విస్తీర్ణం 4.05 × 10³ చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన అంటే 1 × 10⁻³ మీటర్ల లోతు నీరు. రెండింటినీ గుణిస్తే 4.05 ఘనపు మీటర్లు, అంటే 4,050 లీటర్లు. 20 మిల్లీమీటర్ల జల్లు పడితే ఎకరానికి 81,000 లీటర్లు దిగినట్టు.

ప్యాకెట్ మీది సంఖ్య

ఘాతాంకం రైతు చేతికి నేరుగా వచ్చేది ట్రైకోడెర్మా విరిడి ప్యాకెట్ మీద. మిరప నారుమడిలో నారుకుళ్ళును, పొలంలో ఎండు తెగులును అదుపు చేయడానికి ఈ మేలు చేసే శిలీంధ్రాన్ని వాడతారు. పొడి రూపంలో అమ్మే 1 శాతం రకం మీద గ్రాముకు కనీసం 2 × 10⁶ సీఎఫ్‌యూ అని రాసి ఉంటుంది. సీఎఫ్‌యూ అంటే పెరిగి ఒక కాలనీగా మారగల సజీవ కణం. గ్రాముకు ఇరవై లక్షల కణాలు ఉన్నాయని దాని అర్థం.

ఎకరానికి 2 కిలోల పొడి వాడాలని వ్యవసాయ అధికారులు చెబుతారు. 2 కిలోలు 2 × 10³ గ్రాములు. మొత్తం కణాలు (2 × 10⁶) × (2 × 10³) = 4 × 10⁹, అంటే నాలుగు వందల కోట్లు. వినడానికి బ్రహ్మాండమైన సంఖ్య. కానీ అవి చేరవలసిన మట్టి ఎంతో కూడా చూడాలి.

మొక్క వేళ్లు ఎక్కువగా ఉండే పై 15 సెంటీమీటర్ల మట్టిని లెక్కలోకి తీసుకుంటే దాని ఘనపరిమాణం (4.05 × 10³) × (1.5 × 10⁻¹) = 6.075 × 10² ఘనపు మీటర్లు. నల్లరేగడి ఘనపు మీటరుకు సుమారు 1.3 × 10³ కిలోలు తూగుతుందనుకుంటే ఎకరం పై మట్టి బరువు దాదాపు 7.9 × 10⁵ కిలోలు, అంటే 7.9 × 10⁸ గ్రాములు. నాలుగు వందల కోట్ల కణాలను ఇంత మట్టికి పంచితే గ్రాముకు సుమారు 5 మాత్రమే వస్తాయి.

పొడిని నేరుగా పొలంలో చల్లవద్దని ఎందుకు చెబుతారో ఈ చిన్న అంకె విప్పి చూపిస్తుంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి కొన్ని రోజులు ఉంచమంటారు. ఆ తడిలో, ఆ ఎరువులో శిలీంధ్రం పెరుగుతుంది. అక్కడ అది వంద రెట్లు పెరిగితే ఘాతాంకం 2 పెరుగుతుంది: 4 × 10⁹ కాస్తా 4 × 10¹¹ అవుతుంది, మట్టిలో గ్రాముకు 5కు బదులు 500 కణాలు చేరతాయి. గోనెపట్టా కింద గడిచే ఆ రోజుల విలువ అంతా ఘాతాంకంలో కనిపిస్తుంది.

పత్తిని, మిరపను తినే శనగపచ్చ పురుగు మీద వాడే ఎన్‌పీవీ ద్రావణం లెక్క ఇంకా పెద్దది. ఇది ఆ పురుగుకు మాత్రమే జబ్బు తెప్పించే వైరస్. దాని మోతాదును లార్వా సమానం అనే ప్రమాణంలో, పొట్టిగా ఎల్‌ఈలో చెబుతారు. ఒక ఎల్‌ఈ అంటే 6 × 10⁹ వైరస్ గుళికలు. సిఫారసు చేసే మోతాదుల్లో ఒకటి హెక్టారుకు 250 ఎల్‌ఈ. (2.5 × 10²) × (6 × 10⁹) = 15 × 10¹¹. గుణకాన్ని సరిచేస్తే 1.5 × 10¹², అంటే హెక్టారుకు లక్షన్నర కోట్ల గుళికలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఈ గుళికలు త్వరగా చచ్చుబడిపోతాయి కాబట్టి బెల్లం, నీలిమందు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయమంటారు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ, శనగపచ్చ పురుగు ముంచెత్తాయి. రసాయన మందులు పదేపదే కొట్టినా పురుగు లొంగలేదు, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అనుభవం ఉన్న నేలమీద ఏ మందు ఎంత మోతాదులో పడుతోందో లెక్కకట్టగలగడం బతుకుకు సంబంధించిన విషయం.

ఘాటు, పోగు

మిరప ఘాటుకు 1912లో అమెరికా ఔషధ శాస్త్రవేత్త విల్బర్ స్కోవిల్ ఒక కొలత ఏర్పరచాడు. కారం తెలియకుండా పోయేంతవరకూ మిరప సారాన్ని పంచదార నీటితో పలుచన చేస్తూ పోయి, ఎన్ని రెట్లు పలుచన చేయవలసి వచ్చిందో దాన్ని ఘాటుగా లెక్కించాడు. ఇప్పుడు యంత్రాలతో క్యాప్సైసిన్ శాతం కొలిచి, దాన్ని స్కోవిల్ యూనిట్లలోకి మారుస్తున్నారు. శుద్ధ క్యాప్సైసిన్ ఘాటు 1.6 × 10⁷ యూనిట్లు.

భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం మిరపలో క్యాప్సైసిన్ 0.226 శాతం అని చెబుతారు. అంటే బరువులో 2.26 × 10⁻³ వంతు. (2.26 × 10⁻³) × (1.6 × 10⁷) = 3.616 × 10⁴. సన్నం రకానికి వ్యాపారులు చెప్పే 35,000 నుంచి 40,000 యూనిట్ల మధ్యలోనే ఈ 36,160 పడుతుంది. ఒక రుణ ఘాతాంకం, ఒక ధన ఘాతాంకం కలిసి మనిషి నాలుకకు అందే సంఖ్యను ఇచ్చాయి.

అదే మిరప పొడి ఒక గ్రాములో ఎన్ని క్యాప్సైసిన్ అణువులు ఉంటాయో కూడా తేల్చవచ్చు. క్యాప్సైసిన్ ఒక మోల్ బరువు 305.4 గ్రాములు. 2.26 × 10⁻³ గ్రాములను దానితో భాగిస్తే 7.40 × 10⁻⁶ మోల్ వస్తుంది. ఒక మోల్‌లో 6.02 × 10²³ అణువులు ఉంటాయి. గుణిస్తే 44.5 × 10¹⁷, అంటే దాదాపు 4.5 × 10¹⁸ అణువులు. చిటికెడు కారానికే కళ్లు చెమర్చడంలో ఆశ్చర్యం లేదు.

పత్తిలో ఈ గుణకారం ఇంకా అందంగా కనిపిస్తుంది. దూది పోగు సన్నదనాన్ని మైక్రోనేర్ అనే ప్రమాణంలో కొలుస్తారు. అంగుళం పొడవు పోగు ఎన్ని మైక్రోగ్రాములు తూగుతుందో అదే మైక్రోనేర్. 4 మైక్రోనేర్ దూది అయితే ఒక గ్రాము పోగులను కొసకు కొస కలిపితే 6.35 × 10³ మీటర్లు వస్తాయి. జిన్నింగ్ మిల్లులో కట్టే బేలు 170 కిలోలు, అంటే 1.7 × 10⁵ గ్రాములు. ఒక బేలులోని పోగుల మొత్తం పొడవు (1.7 × 10⁵) × (6.35 × 10³) = 10.795 × 10⁸, సరిచేస్తే సుమారు 1.08 × 10⁹ మీటర్లు. భూమి నుంచి చంద్రుడికి సగటు దూరం 3.84 × 10⁸ మీటర్లు. చిలకలూరిపేట మిల్లులో కట్టిన ఒక్క బేలులోని పోగులు చంద్రుడి దాకా వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ మూడు వంతుల దారి పోతాయి.

పావులూరు నుంచి ఫోర్‌ట్రాన్ దాకా

పెద్ద సంఖ్యల మీద మక్కువ ఈ నేలకు కొత్త కాదు. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన కమ్మనాటి పావులూరువాడు. ఆ ఊరు నేటి బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలంలో ఉంది. 11వ శతాబ్దిలో, రాజరాజనరేంద్రుడి కాలంలో, మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలగ్రంథం 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో పుట్టింది. అందులో ఏకం మొదలు మహాక్షోభం దాకా 24 స్థానాలకు పేర్లున్నాయి. ఆఖరి స్థానం విలువ 10²³. 152207ను 73తో గుణిస్తే 11111111 రావడం వంటి, అంకెలు దండలా అమరే హారాల లెక్కలు కూడా అందులో కనిపిస్తాయి.

చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్లకు వచ్చే మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి మల్లన పేర తెలుగునాట ప్రచారంలో ఉంది. శశి 1, వేదం 4, శరం 5, ఆకాశం 0 అనే భూతసంఖ్యల పద్ధతిలో 18446744073709551615 అనే ఇరవై అంకెలనూ ఆ పద్యం ఒకట్ల స్థానం నుంచి వరుసగా చెబుతుంది. శాస్త్రీయ రూపంలో ఇది సుమారు 1.84 × 10¹⁹. ఆ గళ్లలో మొత్తం అన్ని వడ్లగింజలు పోస్తే, గింజ బరువు 2 × 10⁻⁵ కిలోలు అనుకుంటే, మొత్తం బరువు (1.84 × 10¹⁹) × (2 × 10⁻⁵) = 3.68 × 10¹⁴ కిలోలు, అంటే 3.68 × 10¹¹ టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు దాదాపు 8 × 10⁸ టన్నులు. నాలుగున్నర శతాబ్దాల పంట పోసినా ఆ గళ్లు నిండవు.

ఘాతాంకాలను కూడాలనే సూత్రం ఇంకా పాతది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దిలో ఆర్కిమెడీస్ విశ్వాన్ని నింపగల ఇసుక రేణువులను లెక్కిస్తూ ఈ నియమాన్ని వివరించాడు. ఘాతాంకాన్ని సంఖ్య మీద చిన్న అంకెగా రాసే అలవాటును 1637లో డెకార్ట్ పుస్తకం స్థిరపరిచింది. 1614లో నేపియర్ ప్రకటించిన సంవర్గమానాలు గుణకారాన్ని పూర్తిగా కూడికగా మార్చేశాయి. కాలిక్యులేటర్లు అందుబాటులోకి రాకముందు ఇంటర్మీడియట్ విద్యార్థులు క్లార్క్స్ టేబుల్స్ అనే పట్టికల పుస్తకం దగ్గర పెట్టుకుని చేసిన లెక్కలన్నీ ఆ కూడికలే.

1957లో వచ్చిన ఫోర్‌ట్రాన్ కంప్యూటర్ భాషలో పై అంకె వేసే వీలు లేక, 10 ఘాతానికి బదులు ‘ఈ’ అనే అక్షరం వాడారు. 1972 నాటి హెచ్‌పీ-35 చేతి కాలిక్యులేటర్ 10⁻⁹⁹ నుంచి 10⁹⁹ వరకు సంఖ్యలను చూపగలిగింది. నేటి ఫోన్‌లోని కాలిక్యులేటర్ 4ఈ9 అని చూపిస్తే అది 4 × 10⁹ అని చదువుకోవాలి. కంప్యూటర్ లోపల కూడా సంఖ్యలు గుణకం, ఘాతాంకం అనే రెండు ముక్కలుగానే నిలువ ఉంటాయి. అక్కడ ఆధారం 10కి బదులు 2.

సార్థక అంకెలు

గుణించాక ఎన్ని అంకెలు ఉంచుకోవాలన్నది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం మొదట్లోనే నేర్పే పాఠం. లెక్కలోకి తీసుకున్న కొలతల్లో సార్థక అంకెలు తక్కువగా ఉన్నదాన్ని బట్టి ఫలితాన్ని కుదించాలి. సన్నం మిరప లెక్కలో 2.26కు మూడు సార్థక అంకెలు, 1.6కు రెండే. కాబట్టి ఫలితం 3.6 × 10⁴ అని చెప్పాలి. 36,160 అని చెబితే కొలతలో లేని కచ్చితత్వాన్ని ఆపాదించినట్టవుతుంది. 36,000 అని మామూలుగా రాస్తే చివరి సున్నాలు కొలిచినవో, స్థానం నింపడానికి పెట్టినవో చదివేవారికి తెలియదు. 3.6 × 10⁴ అని రాస్తే కొలిచినవి రెండే అంకెలని వెంటనే తెలుస్తుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు ఘాతాంకాలను గుణించడం. 10³ × 10⁴ను 10¹²గా రాస్తే కోటి కాస్తా లక్ష కోట్లవుతుంది. రెండోది, గుణకాన్ని సరిచేసేటప్పుడు ఘాతాంకాన్ని పెంచవలసిన చోట తగ్గించడం. 15 × 10¹¹ను 1.5 × 10¹⁰ అని రాసేస్తే విలువ వందో వంతుకు పడిపోతుంది. మూడోది, గుణకార నియమాన్ని కూడికకు వాడటం. 4 × 10⁹కు 2 × 10⁶ను కలిపేటప్పుడు ముందు రెండింటినీ ఒకే ఘాతానికి తేవాలి. అప్పుడు 4.002 × 10⁹ వస్తుంది.

నాలుగోది అచ్చులో జరిగేది, అన్నిటికంటే ప్రమాదకరమైనది. పై అంకె కిందికి జారి 2 × 10⁶ కాస్తా 2 × 106గా పడుతుంది. అప్పుడు ఇరవై లక్షలు 212గా మారిపోతాయి. కరపత్రం రాసేవారు, ప్యాకెట్ అచ్చు వేసేవారు, పత్రికల వ్యవసాయ పేజీలు దిద్దేవారు ఆ చిన్న అంకెను పైన నిలబెట్టే బాధ్యత తీసుకోవాలి. అది వీలుకాని చోట ‘గ్రాముకు 20 లక్షలు’ అని మాటల్లో రాయాలి.

గుణకంలో తేడా వస్తే విలువ కొన్ని రెట్లే మారుతుంది. ఘాతాంకంలో ఒక్క అంకె తేడా వస్తే పది రెట్లు, రెండు అంకెల తేడా వస్తే వంద రెట్లు మారుతుంది. 9 × 10⁶ కంటే 1 × 10⁸ పదకొండు రెట్లు పెద్దది. అందుకే కొట్లో జీవ ఎరువో, జీవ శిలీంధ్రనాశినో చేతికి తీసుకున్న రైతు ముందు 10 మీది అంకె చూడాలి, తర్వాత గడువు తేదీ చూడాలి, ప్యాకెట్‌లోని గ్రాములతో గుణించి మొత్తం ఎంతో తేల్చుకోవాలి. ధర అడగడం ఆ తర్వాతే.